ఎకరా స్థలం, అరగంట వాన: డిటెన్షన్ ట్యాంకు లెక్కలు, తప్పులు

అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అలాంటి జిల్లాలో 2022 అక్టోబరులో అనంతపురం ఊళ్లోంచి పారే నడిమివంక అనే వాగు పొంగి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు చేరాయి. ఇందులో వింతేమీ లేదు. మన దగ్గర వాన పడే రోజులు కొన్నే, కానీ పడితే ఒక్క గంటలో 40, 50 మిల్లీమీటర్లు కుమ్మరించి పోతుంది. వీధి కాలువ చాలుతుందా లేదా అన్నది తేల్చేది ఆ గంట వానే. ఏడాది సగటును చూసి కాలువ కట్టినవాళ్లు ఎప్పుడూ మునుగుతారు.

దానికి తోడు నేల మారిపోయింది. ఊరి చివర ఎకరా బీడు భూమి మీద వాన పడితే కొంత ఇంకుతుంది, కొంత గుంతల్లో, గడ్డిలో నిలుస్తుంది, మిగిలినది మెల్లగా పల్లానికి జారుతుంది. అదే ఎకరాలో కల్యాణ మండపం కట్టి, చుట్టూ పార్కింగుకు సిమెంటు టైల్స్ పరిస్తే పడిన నీళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా నిమిషాల్లో గేటు దాటి రోడ్డు మీదికి వస్తాయి. మొత్తం నీళ్లు పెరగడం ఒక సమస్య, అవన్నీ ఒకేసారి రావడం అంతకన్నా పెద్ద సమస్య. డిటెన్షన్ ట్యాంకు పరిష్కరించేది ఈ రెండోదాన్ని.

పని చాలా సులువైనది. స్థలంలో పడిన నీళ్లన్నీ ముందు ఒక ట్యాంకులోకి వస్తాయి. అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, దానికి మూత ఉండదు. లోపలికి సెకనుకు 95 లీటర్లు వస్తుంటే రంధ్రం గుండా 20 లీటర్లే బయటికి పోతాయి. మిగిలినవి కాసేపు ట్యాంకులో ఆగి, వాన వెలిశాక రెండు మూడు గంటల్లో అవీ వెళ్లిపోతాయి. తూము ఎప్పుడూ తెరిచే ఉండే చెరువు అనుకోండి. చెరువుకు మరువ ఉన్నట్టే దీనికీ పైన ఒక మరువ ఉండాలి, లెక్కకు మించిన వాన వచ్చినప్పుడు నీళ్లు దాని మీదుగా పోవాలి.

రాయలసీమలో ఈ ట్యాంకుకు పెద్ద శత్రువు మన అలవాటే. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఊళ్లలో, నిండిన ట్యాంకులోంచి నీళ్లు కాలువపాలవుతుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. వాచ్‌మనో, అసోసియేషన్ పెద్దో ఒక గుడ్డ చుట్టి రంధ్రం మూసేస్తారు. ఆ రోజు నుంచి అది నీళ్ల సంపు. మర్నాడు వాన వస్తే నిండిన ట్యాంకు చుక్క నీటిని కూడా ఆపలేదు, వచ్చిందంతా మరువ మీదుగా రోడ్డెక్కుతుంది. వరదను ఆపేది ట్యాంకులోని ఖాళీ. నీళ్లు దాచుకోవాలంటే దానికి విడిగా చోటు చూసుకోవాలి, ఆ సంగతి కింద వస్తుంది.

ఎంత పెద్దది కట్టాలి

లెక్కకు పైన చెప్పిన ఎకరా మండపాన్నే తీసుకుందాం. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అందులో మిద్దె 1,500, పార్కింగు, దారులు 1,900, చెట్లూ పచ్చికా 647. మిద్దె మీద పడిన నీళ్లలో 90 శాతం, టైల్స్ మీద 85 శాతం, పచ్చిక మీద 25 శాతం బయటికి వస్తాయని లెక్క. విడివిడిగా గుణించి కలిపితే 3,127 చదరపు మీటర్లు. అంటే ఈ ఎకరా మొత్తం, నీళ్లు ఏమాత్రం ఇంకని 3,127 మీటర్ల బండపరుపుతో సమానం. కట్టకముందు బీడుగా ఉన్నప్పుడు 30 శాతం లెక్కన అది 1,214 మాత్రమే.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. కాబట్టి ఈ సంఖ్యను గంటకు పడే వానతో గుణించి 3,600తో భాగిస్తే సెకనుకు ఎన్ని లీటర్లో వస్తుంది. ఉదాహరణ కోసం వాన తీవ్రత ఇలా అనుకుందాం: పది నిమిషాల జోరు వాన గంటకు 110 మిల్లీమీటర్ల వేగంతో, పావుగంట వాన 95తో, ఇరవై నిమిషాలది 82తో, అరగంటది 65తో, గంట వాన 42తో, రెండు గంటలది 26తో. అసలు డిజైనుకు మాత్రం దగ్గరలోని వాతావరణ కేంద్రం రికార్డుల నుంచి తీసిన తీవ్రత పట్టికే వాడాలి. పక్క జిల్లాది తెచ్చి అతికించకూడదు.

కట్టిన తర్వాత పది నిమిషాల వానకు గేటు దగ్గర ప్రవాహం సెకనుకు 95 లీటర్లు. బీడు నేల మీద నీళ్లు నెమ్మదిగా చేరతాయి కాబట్టి దానికి పావుగంట తీవ్రత తీసుకోవాలి, అప్పుడు వచ్చేది 32 లీటర్లు. కట్టడం వల్ల ప్రవాహం మూడు రెట్లయిందన్నమాట. పాత 32కు తగ్గించడం కనీస ధర్మం. రోడ్డు కాలువ అప్పటికే నిండుతూ ఉంటే ఇంకా తగ్గించాలి. ఇక్కడ 20 లీటర్లు పెట్టుకుందాం, అంటే గంటకు 72 ఘనపు మీటర్లు.

చాలామంది పొరబడేది ఈ తర్వాతి అడుగులో. అన్నిటికన్నా జోరైన పది నిమిషాల వానకే ట్యాంకు కట్టేస్తారు. ఆ వానకు లోపలికి వచ్చేది 57 ఘనపు మీటర్లు, ఆ లోపు బయటికి పోయేది 12, ఆపాల్సింది 45. ఇరవై నిమిషాల వానకు వచ్చేది 85, పోయేది 24, ఆపాల్సింది 61. అరగంటకు వచ్చేది దాదాపు 102, పోయేది 36, ఆపాల్సింది 66. గంట వానకు వచ్చేది 131, పోయేది 72, ఆపాల్సింది 59. రెండు గంటలకు వచ్చేది 163 అయినా 144 వెళ్లిపోతాయి, ఆగేది 19 మాత్రమే. అంటే ఈ స్థలానికి పరీక్ష పెట్టేది అరగంట వాన. పది నిమిషాల వానకు కట్టిన ట్యాంకు దానికి మూడోవంతు తక్కువ పడుతుంది. బయటికి వదిలే నీటిని తగ్గించే కొద్దీ ఈ పరీక్ష వాన నిడివి పెరుగుతుంది. అదే స్థలానికి 20 బదులు 12 లీటర్లే వదలాలంటే గంట వాన ముఖ్యమవుతుంది, ట్యాంకు 88 ఘనపు మీటర్లకు చేరుతుంది.

66 అని తేలాక 66 కట్టకూడదు. ట్యాంకు నిండితేనే రంధ్రం పూర్తి వేగంతో వదులుతుంది, సగం నిండినప్పుడు 20కి బదులు 14 లీటర్లే పోతాయి. పైగా అడుగున మట్టి చేరుతుంది. ఐదోవంతు కలిపి 80 ఘనపు మీటర్లు పెట్టుకుంటే సరి. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల నీటి లోతు, పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పదహారు.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలతో పాటు తప్పించుకోవాల్సిన ఆరు దోషాలనూ అందులో చెక్కించారు. నీరు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం ఒక దోషం, నీరు ఎక్కువై నేల చాలకపోవడం ఇంకో దోషం. పై లెక్కంతా ఈ రెండో దోషం గురించే.

రంధ్రం కొలత

ట్యాంకులో కాంక్రీటుకు ఎంత ఖర్చు పెట్టినా దాని నడక ఆ రంధ్రం చేతిలో ఉంది. 2 మీటర్ల లోతు నీళ్లున్నప్పుడు 20 లీటర్లు వదలాలంటే రంధ్రం వ్యాసం 83 మిల్లీమీటర్లు ఉండాలి. షాపులో 83 పైపు దొరకదని మేస్త్రీ 110 పీవీసీ పైపు ముక్క పెట్టేస్తే 31 లీటర్లు పోతాయి. ఇంకొంచెం ధారాళంగా ఆలోచించి 160 పెడితే 66 దాకా పోతాయి. అప్పుడు ట్యాంకు ఎప్పుడూ నిండదు, నిండట్లేదు కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తోందని అందరూ సంతోషిస్తారు, రోడ్డు మాత్రం ఎప్పటిలాగే మునుగుతుంది. రెండు మూడు వానాకాలాలు చూసిన ట్యాంకులోకి టార్చి వేసి గోడ మీద నీటి చార ఎక్కడిదాకా ఉందో చూడండి. జోరు వానలు పడినా మోకాలెత్తు దాటకపోతే రంధ్రం పెద్దదై ఉంటుంది, లేదంటే మిద్దె పైపులు ట్యాంకుకు రాకుండా నేరుగా రోడ్డుకు పోతూ ఉంటాయి.

సరైన పద్ధతి ఇది: బయటికి పోయే పైపు 160 లేదా 200 వేసుకోండి, అది పూడుకుపోకుండా ఉంటుంది. దాని నోటికి 6 మిల్లీమీటర్ల మందం స్టెయిన్‌లెస్ స్టీలు పలకను బోల్టులతో బిగించండి, పలకలో 83 రంధ్రం లేతు మీద కోయించండి. గ్యాస్ కట్టరుతో కోసిన అంచులకు చెత్త చిక్కుకుంటుంది. పలక ఊడదీయడానికి వీలుగా ఉండాలి, గోడలో కలిపి పోత పోయకూడదు. 75 కన్నా చిన్న రంధ్రం పెట్టాల్సి వస్తే మూసుకుపోయే ముప్పు ఎక్కువ, దానికన్నా లోతు తగ్గించి రంధ్రం పెంచుకోవడం మేలు. లోతు 80 సెంటీమీటర్లే అయితే అదే 20 లీటర్లకు 106 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టుకోవచ్చు. డ్రాయింగులో లోతు మార్చి రంధ్రాన్ని మార్చడం మరిచిపోవడం తరచూ జరిగే తప్పు.

పలక ముందు జాలీ తప్పనిసరి. జాలీ వైశాల్యం రంధ్రానికి కనీసం పది, పదిహేను రెట్లుండాలి, లేకపోతే రెండు విస్తరాకులు అడ్డం పడి మొత్తం ఆగుతుంది. పెళ్లి మండపాల దగ్గర ప్లాస్టిక్ గ్లాసులు ఈ పని ఇంకా నేర్పుగా చేస్తాయి, వాటి నోరు దాదాపు రంధ్రమంతే ఉంటుంది. జాలీ పక్కనే వేరే చిన్న గేటు వాల్వు, పైనుంచి తిప్పే పొడవాటి కాడతో పెట్టుకుంటే, రంధ్రం మూసుకుపోయిన రోజు మనిషి లోపలికి దిగకుండానే నీళ్లు దించేయొచ్చు.

మరువ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకటిన్నర మీటరు వెడల్పు అంచు మీద 11, 12 సెంటీమీటర్ల మందాన నీరు పారితే ఆ 95 లీటర్లూ పోతాయి. చూడాల్సింది అక్కడి నుంచి నీళ్లు ఎటు పోతాయన్నది. సెల్లార్ ర్యాంపు వైపు, ట్రాన్స్‌ఫార్మరు వైపు దారి ఉంటే ట్యాంకు కట్టి కష్టం కొనుక్కున్నట్టే.

కాలువ పైన, ట్యాంకు కింద

కాగితం మీద ఎంత బాగున్నా స్థలం దగ్గరికి వెళ్లాక డిజైను చెడగొట్టేది ఒకటుంది. మన ఊళ్లలో రోడ్డు పక్క కాలువ లోతు రెండు అడుగులో మూడడుగులో ఉంటుంది. భూమిలో రెండున్నర మీటర్లు దించిన ట్యాంకు అడుగు దానికి చాలా కిందికి పోతుంది. నీళ్లు పైకి పారవు కదా! డ్రాయింగు గీసే ముందే లెవెల్ యంత్రంతో కాలువ అడుగు ఎత్తు, జోరు వానలో అందులో నీళ్లు నిలిచే ఎత్తు, రెండూ కొలవాలి. కాలువ నిండినప్పుడు రంధ్రం మునిగిపోతే 20 లీటర్ల లెక్క తలకిందులవుతుంది, కాలువ నీళ్లే వెనక్కి ట్యాంకులోకి తన్నుతాయి. బయటి పైపుకు ఒకవైపే తెరుచుకునే ఫ్లాప్ వాల్వు పెడితే వెనక్కి రావడం ఆగుతుంది, కానీ మన నీళ్లూ ఆగుతాయి.

స్థలానికి వాలు ఉండి, వంకో లోతైన కాలువో కింద ఉంటే అదృష్టం. లేకపోతే రెండు దారులు. ఒకటి, లోతు తగ్గించి వైశాల్యం పెంచడం: 80 సెంటీమీటర్ల లోతుతో వంద చదరపు మీటర్ల ట్యాంకు పార్కింగు కింద పట్టేస్తుంది. ఇది సగం సమస్యే తీరుస్తుంది. పై స్లాబు, దాని మీది టైల్స్, పైన వదిలిన ఖాళీ కలుపుకుంటే అడుగు నేల మట్టానికి దాదాపు నాలుగడుగుల కిందే ఉంటుంది. కాలువ అంతకన్నా లోతుగానైనా ఉండాలి, స్థలం రోడ్డు కన్నా ఎత్తుగానైనా ఉండాలి. రెండోది పంపు. సెకనుకు 20 లీటర్లు నాలుగు మీటర్లు ఎత్తాలంటే రెండు మూడు హార్సుపవరు మోటారు చాలు. చిక్కు మోటారుతో లేదు, కరెంటుతో ఉంది. ఉరుములు మొదలవగానే సప్లై పోయే చోట జనరేటరు లేని పంపు అలంకారానికే. పంపులు రెండు, ఒకటి నడిచేది, ఇంకోటి ఆసరాకు. పంపు ఉన్నచోట రంధ్రం లెక్క వర్తించదు, వదిలే పరిమాణాన్ని పంపే నిర్ణయిస్తుంది. పెద్ద పంపు తెచ్చి పెడితే మళ్లీ పాత కథే.

నేల స్వభావం, ఖాళీ ట్యాంకు తేలడం

గోడలు 200 మిల్లీమీటర్ల మందం, కాంక్రీటు బలం ఎం30 రకానికి తగ్గకుండా. నీళ్లు నిలిపే కట్టడాలకు భారత ప్రమాణం ఐఎస్ 3370 చెప్పే కాంక్రీటు రకమూ అదే. అడుగుకూ గోడకూ మధ్య పోత ఆపిన చోట నీరు కారకుండా ఆపే పీవీసీ పట్టీ (వాటర్‌స్టాప్) వేయకపోతే కారడం అక్కడే మొదలవుతుంది. అడుగు వందకు ఒకటి చొప్పున రంధ్రం వైపు వాలాలి.

అనంతపురం ఎర్ర నేలల్లో చాలా చోట్ల కొద్ది లోతులోనే రాయి తగులుతుంది, తవ్వకం ఖర్చు అక్కడ పెరుగుతుంది. కర్నూలు, కడప వైపు నల్లరేగడిలో తవ్వడం సులువు, తర్వాతే బాధ. తడిస్తే ఉబ్బి గోడలను నెడుతుంది, ఎండితే పగిలి చుట్టూ సందు వదులుతుంది. అందుకే గోడ చుట్టూ అదే రేగడి తిరిగి నింపకుండా ఒకటిన్నర అడుగు మందాన గరప మట్టో కంకరో వేస్తారు. ఇక్కడే ఇంకో చిక్కు. రేగడిలో తవ్విన గుంత నీళ్లు ఇంకని గిన్నెలాంటిది. కంకర సందుల్లోకి దిగిన వాననీరు బయటికి పోలేక ట్యాంకు చుట్టూ నిలుస్తుంది. పైన చెప్పిన కొలతల ట్యాంకు కాంక్రీటు బరువు సుమారు 76 టన్నులు. చుట్టూ నీళ్లు నేల మట్టం దాకా నిలిస్తే పైకి నెట్టే బలం 120 టన్నులు దాటుతుంది. ఖాళీగా ఉండటమే పనిగా పెట్టుకున్న ట్యాంకు కాబట్టి లోపలి నీటి బరువు సాయానికి రాదు. బోర్లలో నీళ్లు వందల అడుగుల కింద ఉన్నాయి, ఇక్కడ ట్యాంకు తేలడమేంటని అనుకోవద్దు. తేల్చేది బోరు నీరు కాదు, గుంతలో నిలిచిన నీరు. అడుగు స్లాబును గోడల కన్నా అడుగున్నర బయటికి చాచి దాని మీద మట్టి బరువు పడేలా చేయడం, కంకర అడుగున చిల్లుల పైపు వేసి ఆ నీటిని బయటికి తీయడం, రెండూ చేస్తే నిశ్చింత.

దాచుకునే నీళ్లు వేరు

నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002లో వచ్చినప్పటి నుంచి ఇంకుడు గుంతల మాట అందరికీ తెలుసు. ఇంకుడు గుంత, సంపు, డిటెన్షన్ ట్యాంకు, ఈ మూడూ ఒకే స్థలంలో ఉండొచ్చు, ఉండాలి కూడా. వరస ముఖ్యం. మిద్దె నీళ్లు శుభ్రమైనవి, వాటిని ముందు వడపోత దాటించి సంపులోకి పంపండి. 1,500 మీటర్ల మిద్దె మీద 30 మిల్లీమీటర్ల వానకు 40 వేల లీటర్లు వస్తాయి. సంపు నిండాక పొర్లేవి, పార్కింగు నీళ్లు కలిసి డిటెన్షన్ ట్యాంకులోకి రావాలి. ట్యాంకు నుంచి బయటికి పోయేవి ఇంకుడు గుంత మీదుగా పోతే ఇంకా మంచిది. లెక్కలో మాత్రం సంపు పరిమాణాన్ని ట్యాంకు నుంచి తగ్గించకండి. వాన వచ్చే రోజు సంపు ఖాళీగా ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఎండిన బోర్లలోకి పార్కింగు నీళ్లను నేరుగా వదిలే పద్ధతి ఒకటి కనబడుతోంది. బండ్ల నుంచి కారిన ఆయిలు కూడా వాటితో భూగర్భానికి పోతుంది, దాన్ని తిరిగి తీయలేం.

ఒండ్రు, చెత్త, దోమలు

ట్యాంకుకు ముందు మీటరు లోతు మట్టి తొట్టి ఒకటి ఉండాలి. వేసవి తర్వాత తొలి వానలు ఎర్రమట్టిని, వేపాకును, కవర్లను పోగేసుకుని వస్తాయి. అవి ఆ తొట్టిలో ఆగితే పారతో తీసేయొచ్చు, ట్యాంకులోకి పోతే మనిషి దిగాలి. దిగడం తేలిక విషయం కాదు. మురుగు పైపు ఎక్కడైనా కారి కలిస్తే విషవాయువు చేరుతుంది, కుళ్లిన ఆకులు కూడా లోపలి ఆక్సిజన్‌ను తినేస్తాయి. రెండు చివర్లా మూతలు పెట్టించి, రెండూ తెరిచి, ఫ్యానుతో గాలి ఆడించి, గ్యాస్ మీటరుతో చూసి, నడుముకు తాడు కట్టి, పైన మనిషిని ఉంచాకే దిగాలి.

83 రంధ్రంతో నిండు ట్యాంకు ఖాళీ కావడానికి దాదాపు 2 గంటల 10 నిమిషాలు పడుతుంది. మర్నాటికి కూడా నీళ్లుంటే ఏదో అడ్డం పడిందని అర్థం. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా ఎదగడానికి వారం, పది రోజులు చాలు, కాబట్టి అడుగున గుంటలు లేకుండా చదును చేయించడం కూడా లెక్కలోకే వస్తుంది. శుభ్రం చేయించడానికి మేలో ఒకసారి, సెప్టెంబరు వానల ముందు ఇంకోసారి. మన దగ్గర పెద్ద వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కాబట్టి రెండోది వదలొద్దు.

ఇది ఆపలేని వరద

2009 అక్టోబరులో కర్నూలును ముంచింది తుంగభద్ర, హంద్రీ. అలాంటి నది వరదను ఊళ్లోని ట్యాంకులన్నీ కలిసినా తాకలేవు. ఈ ట్యాంకులు పనికొచ్చేది ఊరి మీదే పడిన వానకు, నడిమివంక, కడపలో బుగ్గవంక లాంటి వాటిలోకి ఊరు పోసే నీటికి. అక్కడ కూడా గుడ్డిగా ఆలస్యం చేయడం మంచిది కాదు. వంకకు పై నుంచి వచ్చే నీరు ఊరి దగ్గరికి రెండు మూడు గంటలకు చేరుతుందనుకుందాం. వంక ఒడ్డునే, దిగువన ఉన్న స్థలం తన నీళ్లను సరిగ్గా అంతసేపు ఆపి వదిలితే రెండూ కలిసి ఎత్తు పెంచుతాయి. అలాంటి చోట్ల తొందరగా వదిలేయడమే సబబు. ఎగువ కాలనీలకు మాత్రం ఆపడమే మంచిది. ఈ తేడా ఊరి మొత్తం మ్యాపు ముందు పెట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది, కాబట్టి అది మున్సిపాలిటీ పని.

లేఅవుట్లలో అయితే కాంక్రీటు లేకుండానే చాలా చేయొచ్చు. పదెకరాల లేఅవుట్లో పది శాతం ఖాళీ స్థలం అంటే ఎకరా పార్కు. దాన్ని రోడ్డు కన్నా అరమీటరు లోతుగా చదును చేస్తే రెండువేల ఘనపు మీటర్ల దాకా నీళ్లు ఆగుతాయి. ఏడాదిలో కొన్ని గంటలు తప్ప పిల్లలు ఆడుకోవచ్చు. మనం చేసేది దీనికి పూర్తిగా తలకిందులు: పార్కును మట్టి పోసి ఎత్తు చేస్తాం, దాని చుట్టూ కడప బండల గట్టు కడతాం, వాననీళ్లను రోడ్డు మీదికి తోలుతాం.

చివరిగా అప్పగింత. బిల్డరు వెళ్లిపోయాక అసోసియేషన్‌లో ఎవరికీ ఆ ట్యాంకు ఎందుకుందో తెలియదు, మూడో ఏడు అది సంపయిపోతుంది. డ్రాయింగుల కాపీ ఇస్తే బీరువాలోకి పోతుంది. మూత పక్క గోడ మీదే పెద్ద అక్షరాలతో రాయించండి: వాననీటి ట్యాంకు, రంధ్రం 83 మి.మీ., మూయరాదు, వాన వెలిశాక మూడు గంటల్లో ఖాళీ కావాలి, కాకపోతే జాలీ చూడండి.